ఇంట్లో ఒకటే కంప్యూటర్... నా ఫైళ్లు నాకే ఉండాలంటే?

పోయిన నెల పాస్‌వర్డ్‌ల గురించి రాశాక వచ్చిన ఉత్తరాలు, మెయిళ్లు చాలావరకు ఒకే ఇబ్బంది చుట్టూ తిరిగాయి. కంప్యూటర్ ఒకటి, వాడేవాళ్లు నలుగురైదుగురు. పేర్లు వేయొద్దని దాదాపు అందరూ అడిగారు, అందుకే పేట పేరు తప్ప ఇంకేమీ ఉంచలేదు. నేను హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌ని 22 ఏళ్లు చూసుకున్నాను. ఒక్కో సిస్టమ్ మీద రోజుకి ఐదారు బ్యాచ్‌ల పిల్లలు కూర్చునేవారు. మనం రాసుకున్నది పక్కవాళ్లు చూస్తే ఎలా ఉంటుందో అక్కడ రోజూ చూశాను. ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇస్తున్నాను.

*

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది ఉమ్మడి కుటుంబం. హాల్లో ఒకటే కంప్యూటర్. మావారు, మరిది, తోడికోడలు, వాళ్లబ్బాయి, నేను, అందరం దాని మీదే. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కాసేపు డైరీ రాసుకుంటాను. చిట్టీ డబ్బుల లెక్క కూడా అందులోనే ఉంటుంది. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో హిడెన్ అని టిక్ పెట్టి దాచాను. మొన్న భోజనాల దగ్గర మా మరిది కొడుకు, తొమ్మిదో తరగతి, "పెద్దమ్మా, నీ డైరీ చదివా" అన్నాడు. అప్పటినుంచి ఒక్క ముక్క రాయలేదు. సరిగ్గా దాచే పద్ధతి చెప్పండి.
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మీ ఉత్తరం చదివి మనసు చివుక్కుమందమ్మా. చదవడం ఒక ఎత్తు, చదివానని నలుగురిలో చెప్పడం ఇంకో ఎత్తు. మీరు మళ్లీ రాయడం మొదలుపెట్టాలి. అందుకే మీకు కొంచెం వివరంగానే చెబుతాను.

హిడెన్ టిక్ అంటే తాళం కాదు. "ఈ ఫోల్డర్‌ని మామూలుగా చూపించకు" అని విండోస్‌కి రాసిన చీటీ, అంతే. విండోస్ 11లో ఏదో ఒక ఫోల్డర్ తెరిచి పైన వ్యూ, అందులో షో, అందులో హిడెన్ ఐటమ్స్ నొక్కితే మీ ఫోల్డర్ కాస్త వెలిసిన రంగులో ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఆ మూడు క్లిక్కులు ఎవరూ నేర్పక్కర్లేదు. పైగా మీరు ఫోల్డర్ దాచినా, వర్డ్ తెరవగానే ఈమధ్య వాడిన ఫైళ్ల లిస్టులో మీ డైరీ పేరు ఉంటుంది. స్టార్ట్ మెనూలో రికమెండెడ్ కింద కూడా వస్తుంది. బాబు బహుశా అక్కడే చూసి ఉంటాడు, వెతకాల్సిన పని కూడా పడి ఉండదు.

మీ ఇంట్లో మొట్టమొదట చేయాల్సింది ఎవరి అకౌంట్ వాళ్లకి పెట్టడం. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్, అక్కడ యాడ్ అకౌంట్. మెయిల్ ఐడీ అడుగుతుంది కానీ, మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ని చేర్చే దారి ఆ తర్వాత వచ్చే స్క్రీన్లలోనే ఉంది. పైసా ఖర్చు లేదు. ఇంట్లో వాళ్లతో "నా డైరీ కోసం" అనక్కర్లేదు. బాబు గేములు బాబుకి, మీ మరిది గారి ఆఫీసు కాగితాలు ఆయనకి, ఎవరి డెస్క్‌టాప్ వాళ్లకి ఉంటుందని చెప్పండి. అది నిజం కూడా. మీరు కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ విండోస్ బటన్, ఎల్ కలిపి నొక్కండి, స్క్రీన్ లాక్ అవుతుంది. కుక్కర్ విజిల్ వచ్చిందని లేచినా సరే నొక్కండి. వారం రోజుల్లో చేతికి అలవాటైపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మన ఇళ్లల్లో కంప్యూటర్ కొనగానే ఎవరో ఒకరు "సి డ్రైవ్‌లో ఏమీ పెట్టకండి, ఫార్మాట్ చేస్తే పోతాయి, అన్నీ డి డ్రైవ్‌లో పెట్టుకోండి" అని చెబుతారు. మనం అలాగే పెడతాం. కానీ అకౌంట్లు వేరు చేసినప్పుడు విండోస్ కాపలా కాసేది సి డ్రైవ్‌లో మీ పేరు మీద ఉన్న ఫోల్డర్‌కే. అంటే మీ డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ వగైరా. డి డ్రైవ్ మామూలుగా ఇంటిల్లిపాదికీ తెరిచే ఉంటుంది. మీరు ఎంత మంచి పాస్‌వర్డ్ పెట్టుకుని లోపలికి వెళ్లినా, డైరీ డి డ్రైవ్‌లో ఉంటే బాబు తన అకౌంట్‌లోంచే హాయిగా తెరుస్తాడు. కాబట్టి డైరీని మీ డాక్యుమెంట్స్‌లోకి మార్చండి.

ఇంకొకటి, అడ్మినిస్ట్రేటర్, అంటే కంప్యూటర్ మీద పూర్తి అధికారం ఉన్న అకౌంట్, ఎవరిదన్నది. ఆ అకౌంట్ ఉన్న మనిషి మీ ఫోల్డర్ మీద క్లిక్ చేస్తే "మీకు అనుమతి లేదు" అని విండోస్ ఒక మాట అంటుంది, కింద కంటిన్యూ అని బటనూ ఇస్తుంది. నొక్కితే తెరుచుకుంటుంది. కాబట్టి పిల్లాడి అకౌంట్ స్టాండర్డ్‌గా, అంటే ఆ అధికారం లేకుండా ఉండాలి. పెద్దవాళ్లలో ఒక్కరికే అడ్మిన్ ఉండాలి. ఆ ఒక్కరు మీరైతే మరీ మంచిది. ఇంటి బీరువా తాళాలు మీ కొంగున ఉండగా లేనిది, ఇది ఎందుకు ఉండకూడదు?

అడ్మిన్ వేరేవాళ్ల దగ్గరే ఉంటుందంటే మాత్రం, డైరీకి విడిగా తాళం వేసుకోవాలి. దానికి నేను ఎప్పుడూ చెప్పేది వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రామ్. ఉచితం. ఇది మీ కంప్యూటర్‌లో ఒక పెద్ద ఫైలు తయారుచేస్తుంది. పాస్‌వర్డ్ ఇచ్చి మౌంట్ చేస్తే ఆ ఫైలు ఎమ్ డ్రైవ్ లాగానో ఎన్ డ్రైవ్ లాగానో తెరుచుకుంటుంది. అందులో రాసుకుని డిస్‌మౌంట్ నొక్కితే, కొత్త వెర్షన్లలో అన్‌మౌంట్ అని ఉంటుంది, మళ్లీ మూటగట్టిన ఫైలు అయిపోతుంది. అడ్మిన్ అయినా దాన్ని తెరిస్తే కనబడేది పిచ్చి అక్షరాలే. ఫైలు తయారయ్యేటప్పుడు మౌస్‌ని అడ్డదిడ్డంగా తిప్పమని అడుగుతుంది. కింద ఎర్రటి గీత ఒకటి మెల్లగా సాగుతూ పచ్చబడుతుంది. చాలామంది ఇదేదో పాడైందనుకుని ఆపేస్తారు. ఆపకండి, అది పూర్తిగా పచ్చబడేదాకా తిప్పండి. మీ చేయి కదిలే తీరులోంచే అది తాళంచెవి తయారుచేసుకుంటోంది. ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో పాత ట్రూక్రిప్ట్ ఇస్తే తీసుకోకండి. దాన్ని తయారుచేసినవాళ్లే 2014లో ఆపేశారు, వెరాక్రిప్ట్ దాన్నుంచి పుట్టిందే.

డిస్‌మౌంట్ చేయకుండా లేవొద్దు. తెరిచి ఉన్నంతసేపూ అది మామూలు డ్రైవే, అకౌంట్ మార్చి వచ్చినవాళ్లకి కూడా కనిపిస్తుంది. అలాగే, తాళం వేసిన ఫైలుని ఎవరూ చదవలేరు గానీ, తెలియక డిలీట్ చేయగలరు. నెలకొకసారి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని చీరల మధ్య పెట్టుకోండి. పాత డైరీ ఫైలుని కొత్త చోటికి మార్చాక రీసైకిల్ బిన్ ఖాళీ చేయడం కూడా మరిచిపోవద్దు.

పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలి. సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోండి. గుమ్మడికాయ, మేడమెట్లు, పాతగొడుగు, నెమలి, అలాంటివి. ఇవే మాటలు పెట్టకండి, పత్రికలో పడ్డాయి కదా. పిల్లల పేర్లు, పుట్టినరోజులు అసలే వద్దు. ఇంట్లో వాళ్లు మొదట కొట్టి చూసేవి అవే.

*

ప్రశ్న: మేడమ్, నేను అమీర్‌పేట్‌లో హాస్టల్‌లో ఉండి కోర్సు చేస్తున్నా. రూమ్‌లో నలుగురం, లాప్‌టాప్ నాదొక్కటే. నా మెమోలు, ఆధార్, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఇందులోనే. యూట్యూబ్‌లో చూసి నోట్‌ప్యాడ్‌తో ఫోల్డర్ లాకర్ చేసిన. క్లిక్ చేస్తే పాస్‌వర్డ్ అడుగుతది. సేఫేనా?
— ఒక విద్యార్థి, అమీర్‌పేట్

జవాబు: సేఫ్ కాదు బాబూ. ఇప్పుడే చూపిస్తాను. నువ్వు చేసిన ఆ బ్యాట్ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ఓపెన్ కాకుండా ఎడిట్ నొక్కు. నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. కిందికి చదువుకుంటూ వెళ్తే ఒక లైన్‌లో నీ పాస్‌వర్డ్ అక్షరం పొల్లు పోకుండా కనిపిస్తుంది. పెట్టినవాడివి నువ్వే కదా, ఆ లైన్ నీకు గుర్తుండాలి. తాళంచెవిని తాళానికే దారం కట్టి వేలాడదీసినట్టుంది. ఆ లాకర్ చేసే పనల్లా ఫోల్డర్ పేరు మార్చి కంట్రోల్ ప్యానెల్ లాగా కనిపించేట్టు చేయడం, హిడెన్, సిస్టమ్ అని రెండు గుర్తులు పెట్టడం. ఫోల్డర్ ఆప్షన్స్‌లో సిస్టమ్ ఫైళ్లు దాచే టిక్ తీసేసి, ఆ ఫోల్డర్ పేరు వెనక్కి మార్చేస్తే పాస్‌వర్డ్‌తో పనే లేదు. మా ల్యాబ్‌లో ఇది ప్రతి ఏడూ ఒక బ్యాచ్ కొత్తగా కనిపెట్టేది. నాలుగో రోజుకి పక్క సిస్టమ్ కుర్రాడు తెరిచి చూపించేవాడు.

లాప్‌టాప్ నీది, కాబట్టి నీ పని తేలిక. నీది అడ్మిన్ అకౌంట్, రూమ్‌మేట్లకి ఒక స్టాండర్డ్ అకౌంట్. "ఇది మనందరిది, ఇందులో చేసుకోండి" అని ఇవ్వు. స్నేహం చెడదు. వాళ్లు సినిమా చూసినా, ప్రాజెక్టు చేసినా నీ ఫైళ్ల జోలికి రారు. క్రోమ్‌లో వాళ్లకి వేరే ప్రొఫైల్ పెట్టి వదిలేస్తే చాలదు, ఎందుకంటే క్రోమ్ ప్రొఫైల్‌కి తాళం ఉండదు, బొమ్మ మీద క్లిక్ చేస్తే ఎవరైనా మారిపోతారు. విండోస్ అకౌంటే వేరుగా ఉండాలి.

సర్టిఫికెట్లన్నీ ఒకే మూటగా పెట్టుకోవాలంటే సెవెన్ జిప్ వాడు, అది కూడా ఉచితమే. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, యాడ్ టు ఆర్కైవ్, ఫార్మాట్ దగ్గర సెవెన్ జెడ్ ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వు. కింద ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్ అని చిన్న గడి ఉంటుంది, అది టిక్ చెయ్యి. లేకపోతే లోపలున్నది తెరవలేరు గానీ పేర్లు చదువుతారు. ఆఫర్ లెటర్ అనో లోన్ పేపర్లు అనో పేరు చదివితే సగం సంగతి తెలిసిపోయినట్టే కదా.

ఆధార్ గురించి ఒక మాట. డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్‌కి పాస్‌వర్డ్ ఉంది కదా అని నువ్వు ధీమాగా ఉండొచ్చు. ఆ పాస్‌వర్డ్ అందరికీ ఒకే పద్ధతి: పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు పెద్దబడిలో, పక్కన పుట్టిన సంవత్సరం. నీ పేరు, నీ వయసు తెలియని రూమ్‌మేట్ ఎవరున్నారు? ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి అది కొంతవరకు కాపాడుతుందేమో గానీ, ఒకే గదిలో పడుకునేవాళ్ల నుంచి కాపాడదు. అందుకే ఆ పీడీఎఫ్‌ని కూడా మూటలో పెట్టు.

*

ప్రశ్న: నేను డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నాను. సొంత కంప్యూటర్ లేదు. అప్లికేషన్లకి, జిరాక్స్‌లకి నెట్ సెంటర్‌కే వెళ్తాను. కాగితాలు వాళ్ల వాట్సాప్‌కి పంపితే ప్రింట్ తీసి ఇస్తారు. తర్వాత నేను 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' కొడతాను. సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: సరిపోదమ్మా. మీరు డిలీట్ కొడితే చాట్‌లోంచి పోతుంది. కానీ ప్రింట్ తీయడానికి వాళ్లు డౌన్‌లోడ్ చేసిన కాపీ ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంటుంది. ఒక్కసారి కౌంటర్ పక్కనుంచి ఆ స్క్రీన్ చూడండి. మీ ముందు వచ్చినవాళ్ల పాన్ కార్డు, ఇంకొకరి పెళ్లి శుభలేఖ, ఎవరిదో కుల ధ్రువీకరణ పత్రం, అన్నీ వరసగా ఉంటాయి. షాపు వాళ్లది చెడ్డ బుద్ధి కాదు. రద్దీలో తీసే తీరిక ఉండదు.

పెన్‌డ్రైవ్‌లోగానీ వాట్సాప్‌లోగానీ ఇచ్చి, ప్రింట్ చేతికి రాగానే "అన్నా, నా ఫైలు డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చెయ్యి" అని అక్కడే నిలబడి అడగండి. మొహమాటం వద్దు. నేనూ అలాగే అడుగుతాను, ఇప్పటివరకు ఎవరూ కాదనలేదు. ఆధార్ అడిగిన చోట చాలాసార్లు మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది, అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఆధార్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ గడి టిక్ పెట్టుకోవాలి.

మీ మెయిల్ అక్కడ తెరవాల్సి వస్తే క్రోమ్‌లో గెస్ట్ మోడ్‌లో తెరవండి, పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అంటే వద్దనండి. ఇన్‌కాగ్నిటోలో తెరిచినా డౌన్‌లోడ్ చేసిన ఫైలు అక్కడే ఉండిపోతుందని గుర్తుంచుకోండి. లాగౌట్ మరిచి ఇంటికొచ్చేస్తే టెన్షన్ పడొద్దు. ఫోన్‌లో గూగుల్ అకౌంట్ సెక్యూరిటీలో మీ డివైస్‌ల లిస్టు ఉంటుంది. అక్కడినుంచే ఆ కంప్యూటర్‌ని సైనౌట్ చేయొచ్చు. వాట్సాప్ వెబ్ అయితే ఫోన్‌లో లింక్‌డ్ డివైసెస్‌కి వెళ్లి తీసేయండి.

*

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఇంట్లో కంప్యూటర్ నేను కొన్నదే. ఈమధ్య దానిలో ఒక ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ పెట్టుకుంది. అడిగితే పర్సనల్ అంటుంది. దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ ఏదైనా చెప్పగలరా?
— ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: చెప్పను సార్. కోపం తెచ్చుకోకండి.

కంప్యూటర్ మీ డబ్బుతో కొన్నదే. ఆ అమ్మాయి పడుకునే గది కూడా మీరు కట్టిందే. అయినా తలుపు కొట్టి లోపలికి వెళ్తారు కదా. ఆమెకి పద్దెనిమిది దాటాయి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఒక్క గొంతుతో చెప్పింది. ఆ తీర్పు ప్రభుత్వంతో జరిగిన కేసులో వచ్చింది, నాకు తెలుసు. ఇంట్లో దాకా దాన్ని లాగడం నా ఉద్దేశం కాదు. కానీ దేశం ఒప్పుకున్న మాట మన ఇంటి గుమ్మం దగ్గర ఎందుకు ఆగిపోవాలి?

ల్యాబ్‌లో నా దగ్గరకి వచ్చి "మేడమ్, ఈ ఫైలు ఇంట్లో చూడకూడదు" అని అడిగిన ఆడపిల్లలు ఎందరో. వాళ్లు దాచినవి ఏమిటో తెలుసా? కవితలు, రహస్యంగా రాసిన పై చదువుల అప్లికేషన్లు, ఫెయిలైన సబ్జెక్టుల మెమోలు, చనిపోయిన స్నేహితురాలి ఫోటోలు. భయపడాల్సింది నిజంగా ఉన్న సందర్భాలు కూడా ఒకటి రెండున్నాయి. ఎవరో బెదిరిస్తుంటే ఆ మెసేజ్‌లు సాక్ష్యంగా దాచుకున్న పిల్ల ఒకతె. ఇంట్లో ఎవరికైనా చెప్పమంటే "నాన్న ముందు నన్నే తిడతాడు మేడమ్" అంది. ఆ తండ్రి ముందే ఒక మాట అని ఉంటే ఆ పిల్ల మూడు నెలలు ఒంటరిగా ఏడ్చేది కాదు.

ఆ మాట మీరు అనండి. "ఫోల్డర్‌లో ఏముందో అడగను. ఎవరైనా నిన్ను ఇబ్బంది పెడుతుంటే మాత్రం నాకు చెప్పు, నిన్ను ఏమీ అనను" అని. ఒకసారి అని వదిలేయకండి, అప్పుడప్పుడు అంటూ ఉండండి.

*

ప్రశ్న: నా లాప్‌టాప్ స్క్రీన్ పగిలింది. రిపేరుకి ఇవ్వాలి. అందులో నావి, మావారివి సొంత ఫోటోలు ఉన్నాయి. షాపులో పాస్‌వర్డ్ రాసిమ్మంటున్నారు. డిలీట్ చేసి ఇస్తే సరిపోతుందా?
— ఒక పాఠకురాలు, ఈసీఐఎల్

జవాబు: స్క్రీన్ మార్చడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. కీబోర్డుకి, బ్యాటరీకి కూడా అక్కర్లేదు. కొత్త స్క్రీన్ పనిచేస్తుందో లేదో లాగిన్ పేజీ వచ్చేదాకా చూస్తే తెలుస్తుంది. "పాస్‌వర్డ్ ఇవ్వను, నా ముందు ఆన్ చేసి చూపించండి" అనండి. అంతకన్నా మంచి పద్ధతి, ఫైళ్లన్నీ ఉండే స్టోరేజీని తీసి మీ దగ్గరే పెట్టుకుని ఇవ్వడం. ఈమధ్య లాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ స్టోరేజీ, దాన్ని ఎస్ఎస్‌డీ అంటారు, చూయింగ్ గమ్ ముక్కంత ఉంటుంది, ఒక్క స్క్రూతో ఊడి వస్తుంది. మీ ముందే తీసిమ్మంటే తీసిస్తారు.

విండోస్ పాస్‌వర్డ్ ఉంది కదా అని మాత్రం ఊరుకోవద్దు. డిస్క్ ఊడదీసి కేబుల్‌తో ఇంకో కంప్యూటర్‌కి పెడితే ఆ పాస్‌వర్డ్‌తో ఎవరికీ పని ఉండదు, ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోవి కనిపించినట్టే కనిపిస్తాయి. డిస్క్ మొత్తం ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళంచెవి లేనిదే చదవలేని పిచ్చి అక్షరాలుగా మారి ఉంటేనే ఆగుతుంది. విండోస్ ప్రోలో దాన్ని బిట్‌లాకర్ అంటారు. హోమ్ ఎడిషన్‌లో కొన్ని లాప్‌టాప్‌లకి డివైస్ ఎన్‌క్రిప్షన్ అని సెట్టింగ్స్‌లో ఉంటుంది, చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటుంటుంది. రిపేరుకి ఇచ్చే ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోంచి దాన్ని కాగితం మీద రాసుకోండి. మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే విండోస్ అదే అడుగుతుంది. ఆ కీ లేకపోతే మీ ఫైళ్లు మీకే దక్కవు.

డిలీట్ గురించి. పాత హార్డ్ డిస్క్ అయితే, డిలీట్ చేసి బిన్ ఖాళీ చేసినా, ఫోటోలు వెనక్కి తీసే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఎస్ఎస్‌డీలో అలా తీయడం చాలా కష్టం. ఏదైనా సరే, సొంత ఫోటోలు లాప్‌టాప్‌లో ఊరికే పడి ఉండకూడదు. మొదటి జవాబులో చెప్పిన వెరాక్రిప్ట్ ఫైలులో పెట్టుకోండి.

ఒకవేళ ఎప్పుడైనా ఎవరైనా ఫోటోలు చూపించి బెదిరిస్తే డబ్బు ఇవ్వకండి, మెసేజ్‌లు చెరపకండి, స్క్రీన్‌షాట్లు తీసుకోండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. అందులో మహిళలు, పిల్లల మీద నేరాలకి వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా చెప్పుకోవచ్చు. మన దగ్గర ఆడవాళ్ల రక్షణకి పోలీసుల షీ టీమ్స్ 2014 నుంచి ఉన్నాయి, నేరుగా వెళ్లొచ్చు. స్టాప్ ఎన్‌సీఐఐ అనే సైట్ కూడా ఉంది. అక్కడ మీ ఫోటో ఎవరికీ అప్‌లోడ్ అవ్వదు. మీ ఫోన్‌లోనే దాన్నుంచి ఒక వేలిముద్ర లాంటి కోడ్ తయారై, ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. దానితో కలిసి పనిచేసే సోషల్ మీడియా సంస్థలు ఆ ఫోటో తమ దగ్గర పాకకుండా ఆపగలుగుతాయి. సిగ్గుపడాల్సింది బెదిరించినవాళ్లు, మీరు కాదు.

*

ప్రశ్న: నాకు 71 ఏళ్లు. బ్యాంకు వివరాలు, ఇంటి కాగితాల స్కాన్లు, ఇన్సూరెన్స్ అన్నీ కంప్యూటర్‌లో తాళం వేసి పెట్టాను. మనవలు వాడే సిస్టమ్ అది, అందుకని. ఇప్పుడు వేరే బెంగ పట్టుకుంది. రేపు నాకేమైనా అయితే మా ఆవిడ వీటిని ఎలా తెరుస్తుంది?
— ఒక విశ్రాంత ఉద్యోగి, పద్మారావునగర్

జవాబు: మాస్టారూ, తాళం వేసే విద్య అడిగినవాళ్లు చాలామంది. తీసే సంగతి అడిగినది ఈ నెలలో మీరొక్కరే. దీనికి నా సొంత అనుభవం చెప్పాలి.

మా నాన్నగారు రైల్వేలో పనిచేశారు. నేను హాస్టల్‌లో ఉన్నప్పుడు వారానికో ఇన్‌లాండ్ లెటర్ రాసేవారు. ఆయన పోయాక, చెదలు పట్టగా మిగిలిన 31 ఉత్తరాలను స్కాన్ చేసి ఇంటి కంప్యూటర్‌లో, డి డ్రైవ్‌లో పెట్టుకున్నాను. అప్పట్లో విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్. ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కితే ఎన్‌క్రిప్ట్ కంటెంట్స్ అని ఒక టిక్ ఉండేది. పెట్టాను. ఫైళ్ల పేర్లు ఆకుపచ్చగా మారాయి. నేను మామూలుగా తెరిస్తే తెరుచుకునేవి, పాస్‌వర్డ్ కూడా అడిగేది కాదు. చాలా బాగుందనుకున్నాను. 2007లో వైరస్ వచ్చిందని సి డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ వేయించాను. డి డ్రైవ్ భద్రంగానే ఉంది. అదే యూజర్ పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టాను. ఫోల్డర్ తెరిచాను. నాన్న ఉత్తరం 1, నాన్న ఉత్తరం 2, ముప్ఫై ఒకటి దాకా అన్నీ పచ్చగా వరసగా ఉన్నాయి. ఏది నొక్కినా యాక్సెస్ డినైడ్.

ఆ తాళంచెవి నా పాస్‌వర్డ్ కాదు. విండోస్ నాకోసం తయారుచేసి సి డ్రైవ్‌లో దాచిన చిన్న సర్టిఫికెట్. దాన్ని ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. నేను చేయలేదు. ఫార్మాట్‌తో అది పోయింది. అప్పటికి అసలు ఉత్తరాలు కూడా మిగల్లేదు. ఆ హార్డ్ డిస్క్ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పారేయలేను.

కాబట్టి మాస్టారూ, మీ బెంగ నూటికి నూరుపాళ్లు సరైనది. వెరాక్రిప్ట్‌కి గానీ సెవెన్ జిప్‌కి గానీ పాస్‌వర్డ్ మరిచిపోతే ఫోన్ చేయడానికి ఆఫీసు లేదు, ఓటీపీ రాదు, మంచి తాళం అంటేనే అది. అందుకని కాగితం రాయండి. కంప్యూటర్ మనుషులు కాగితం మీద రాయొద్దంటారు, ఆఫీసులకి అది సరే. మీ మనవలు చూడకూడదనుకుంటే మానిటర్‌కి అంటించకండి, అంతే. తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఆవిడ చదవగలిగేలా రాయండి. మొదట కంప్యూటర్ అకౌంట్ పాస్‌వర్డ్. తర్వాత తాళం వేసిన ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉంది, దాని పేరేమిటి. దాన్ని ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలి, ఆ బొమ్మ ఎలా ఉంటుంది. ఆ పాస్‌వర్డ్‌లో ఏది పెద్దక్షరం, ఏది అంకె. సున్నాకీ ఇంగ్లీషు ఓ అక్షరానికీ తేడా తెలిసేలా పక్కన తెలుగులో రాయండి. బిట్‌లాకర్ ఉంటే ఆ 48 అంకెలు. కవర్‌లో పెట్టి అంటించి, మీద తారీఖు వేసి, బ్యాంకు లాకర్‌లోనో బంగారం పెట్టే అరలోనో పెట్టండి. పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా పాతది చింపి కొత్తది రాయాలి. ఆ ఫైలు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో అదే కవర్‌లో ఉంచండి, కంప్యూటరే చెడిపోతే పనికొస్తుంది.

ఇంటి కాగితాల అసలు ప్రతులు ఎక్కడున్నాయో కూడా అందులోనే రాయండి, స్కాన్లతో రిజిస్ట్రారు ఆఫీసులో పని జరగదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం మనవలు లేని సమయం చూసి, ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి ఆ కాగితం చేతికివ్వండి. మీరు పక్కన స్టూలు వేసుకోండి. కాగితం చూసి ఆవిడే తెరవాలి, మీరు మౌస్ ముట్టుకోకూడదు, నోరు కూడా విప్పకూడదు. ఎక్కడ ఆగిపోతే కాగితంలో అక్కడ ఇంకొక వాక్యం కలపండి. ఎక్కడా ఆగకుండా ఇన్సూరెన్స్ బాండు తెర మీదికి వచ్చిన రోజు కవరు అంటించండి.